మాగ్నెటమ్మ

"మాగ్నెటమ్మ సచ్చిపోయిందంట" అంది యాదమ్మ, ఇబ్రహీంపట్నం మార్కెట్లో వంకాయలు ఏరుకుంటూ. పుచ్చు వంకాయ ఒకటి పక్కన పడేసినంత తేలిగ్గా అంది.

"ఎప్పుడు?"

"పొద్దుగాల. తమ్ముని ఇంట్ల. పదకొండు గొట్టంగ తీస్కపోతరంట. మన షెడ్డోళ్లు ఎవ్వరు పోతలేరు. నేనైతే ఆ గడప గూడ తొక్క. నువ్వు పోతవా?"

కొత్తిమీర కట్ట తీసి వాసన చూసి మళ్ళీ పెట్టేశాను. దానికి నా జవాబు మీకు తర్వాత చెప్తాను. ముందు ఆమె ఎట్లాంటిదో తెలియకపోతే ఆ జవాబు విలువ మీకు తెలియదు.

మాగ్నెటమ్మ అనేది మేం పెట్టుకున్న పేరు. ఎదురుగా ఉంటే మాత్రం "అక్కా" అనేవాళ్ళం, వంగి వంగి అనేవాళ్ళం. ఆమెకు కొంగు చివర ఒక గుండ్రటి అయస్కాంతం ముడివేసుకునే అలవాటు. ఏదో పాత స్పీకర్లోంచి పీకింది, అప్పడమంత ఉండేది. నడుస్తుంటే మోకాలికి కొట్టుకునేది. ఆ చప్పుడు వినబడితే షెడ్డులో పదకొండు మంది నోళ్ళూ ఒక్కసారి మూతపడేవి. ఒకప్పుడు భూములున్న ఇంటి కోడలట. భూములు వెంచర్ల కింద పోయాయి, వాటితో వచ్చింది ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. అడిగే మొనగాడు మా ఊళ్ళో పుట్టలేదు.

మాది కాలిపోయిన ఎల్‌ఈడీ బల్బులు విప్పే షెడ్డు. పట్నం పెరుగుతున్న రోజులు అవి. అపార్టుమెంట్లు, కాలేజీలు, షాపింగ్ మాళ్ళు, ఒక్క ఇల్లు కూడా లేని వెంచర్లలో వరసగా వెలిగే స్తంభాలు. అంత వెలుగు వెలిగి మాడిపోయినవన్నీ సంచుల్లో సాగర్ రోడ్డు పట్టుకుని మా ముందుకొచ్చి పడేవి. పీటలేసుకుని కూర్చుని, స్క్రూడ్రైవర్‌తో తెల్లటి బుగ్గ ఊడదీసి, లోపలి ప్లేటు లాగి, తీగలు తెంపి, రాగి ఒక తట్టలో, అల్యూమినియం ఒక తట్టలో వేసేవాళ్ళం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని.

పాత సామాను వ్యాపారంలో దేవుడు ఒక్కడే, వాడి పేరు శుభ్రం. రాగి తీగ మీద ప్లాస్టిక్ తోలు ఉంటే అది రెండో రకం, వలిచేస్తే మొదటి రకం. అల్యూమినియంలో ఒక్క ఇనుప స్క్రూ కలిసినా బస్తా మొత్తం మైల పడినట్టే. అందుకే ఆ అయస్కాంతం. సాయంత్రం ఆమె వచ్చి ఒక్కొక్కరి తట్టలో దాన్ని ముంచి తిప్పేది. 'టక్' మని చప్పుడు వచ్చిందా, అయిపోయామే. కాలితో తట్టను తన్ని మొత్తం నేలపాలు చేసి ఒకే మాట అనేది.

"మల్ల చూడు."

తిట్టేది కాదు, అరిచేది కాదు. రెండే మాటలు. ఒక్క స్క్రూ కోసం వెయ్యి ముక్కలు మళ్ళీ ఏరాలి, బస్సు పోయినా సరే, ఇంట్లో పిల్లలు ఏడ్చినా సరే. నేను ఇంటికి పోయాక నా బిడ్డ జడ వేస్తూ కూడా నోట్లోంచి "మల్ల చూడు" అని వచ్చేసేది. ఎంత అసహ్యమేసేదో నా మీద నాకే.

పేర్లు పెట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. మనిషిలో ఎక్కడ నొప్పి ఉందో అక్కడే వేలు పెట్టి పేరు పెట్టేది. కొంచెం నెమ్మదిగా చేసే ఆమెను నత్త అనేది. యాదమ్మ నోరు ఊరుకోదు కాబట్టి మైకు. నేను బీఎస్సీ రెండో ఏడాదిలో పెళ్ళై మానేశాను, ఆ బాధ నాలోనే దాచుకున్నాను అనుకునేదాన్ని. చేరిన మూడో రోజే, "ఏందే డిగ్రీ, గా సంచి ఇటు గుంజు" అంది. షెడ్డంతా నవ్వింది. తర్వాత నన్ను సొంత పేరుతో పిలిచినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

ఒకసారి యాదమ్మ అరచెయ్యి తెగింది. బల్బు మూతి పగిలి గాజులా గీరింది. రక్తం బొటబొటా ప్లేట్ల మీద పడుతోంది. మేమందరం లేచాం. ఆమె మాత్రం ప్లేట్ల వైపే చూసి, "ముందుగాల అవ్వి తుడువు. రగతం ఎండితే పోదు" అంది. యాదమ్మ ఏడుస్తూ తుడిచింది. ఆ తర్వాత మాగ్నెటమ్మ ఆ చెయ్యి పట్టుకుని, డబ్బాలోంచి థిన్నర్ ఆ గాయం మీద పోసింది. యాదమ్మ కేక బస్ డిపో దాకా వినబడి ఉంటుంది.

"దవాఖానకు పోతే సూదిచ్చి పైసలు గుంజుతరు. ఈడైతే ఉత్తగనే" అంది ఆమె, మూత బిగిస్తూ.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. వేలకు వేలు ఎల్‌ఈడీలు విప్పిన ఆ షెడ్డులో వెలిగేది మాత్రం పాతకాలం తీగ బల్బు, ఒక్కటే. ఎందుకక్కా అని నత్త అడిగితే, "మాడితే గల్లగల్ల మంటది. చెవికాడ పెట్టుకుంటే తెలుస్తది. మీ కొత్తయి ఉన్నాయా పోయినాయా చెప్పయి, దొంగ ముఖాలు" అంది. నిజంగానే ప్రతి బల్బునూ చెవి దగ్గర పెట్టుకుని కొబ్బరికాయలా ఊపి చూసేది. ఏం వినబడేదో ఆమెకే తెలియాలి.

ఇక అసలు కథ. మా షెడ్డున్న నేల వెంచర్ వాళ్ళ చేతికి పోయింది. ఒకరోజు పొద్దున వచ్చి చూస్తే మా గుమ్మం పక్కన తెల్ల రంగు వేసిన హద్దురాయి పాతి ఉంది. మూడు నెలల్లో ఖాళీ చెయ్యాలి. ఇంకోచోట షెడ్డు వేసే శక్తి ఆమెకు లేదు, ఇంకోచోట పని దొరికే దారి మాకు లేదు. ఆ సమయంలోనే అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఉన్న ఒక కంపెనీ సార్ వచ్చాడు. బల్బుల చెత్తలోంచి అరుదైన లోహాలు తీసే కంపెనీ అది. ప్లేటు మీద బియ్యపు గింజంత చదరాలు అతికి ఉంటాయి కదా, వెలిగేవి, అవి కావాలన్నాడు. వాటిని విడిగా తీసి మూడు నెలల్లో రెండు బకెట్లు నింపి ఇవ్వండి, సరుకు బాగుంటే మా కాంపౌండులోనే జాగా ఇస్తాం, మీ పదకొండు మందినీ పనిలోకి తీసుకుంటాం అన్నాడు. ఆ మాట విన్నప్పుడు మా ముఖాలు చూడాల్సింది. నత్త అయితే దండమే పెట్టింది.

అదే రోజు పొద్దున ఇంకొకటి జరిగింది. రాగి చుట్ట ఒకటి కనబడలేదు. ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చింది. నా చీర కుచ్చిళ్ళ దగ్గర చెయ్యి పెట్టి చూసింది, సంచి బోర్లించింది, టిఫిన్ డబ్బా మూత తీసి అన్నం మొత్తం నేలమీద కుమ్మరించింది. వేళ్ళతో ఆ అన్నం కెలికింది. పప్పన్నం. నా బిడ్డకు జ్వరం, దానికి తినిపించగా మిగిలింది తెచ్చుకున్నాను. అందులో ఏమీ లేదు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, "ఇయ్యాల లేదు. గంతే" అంది. నేను దొంగను కానని ఆమె అనలేదు, ఇవాళ దొరకలేదని అంది! పది మంది చూస్తూ కూర్చున్నారు, ఒక్కరు నోరు విప్పలేదు. నేను ఆ మెతుకులు ఏరి కుక్కకు వేశాను.

మధ్యాహ్నం సార్ వచ్చి మాట్లాడుతుంటే లోడు దించడానికి వచ్చిన లారీవాడితో గొడవై ఆమె బయటికి పోయింది. సార్‌కు ఆలస్యమవుతోంది. నేను పెనం మీద ప్లేటు వేడిచేసి, అతుకు కరగగానే చదరాలను బ్లేడుతో ఎట్లా తోయాలో ఆయన దగ్గర నేర్చుకుంటున్నాను. ఆయన ఒక చదరాన్ని గోటి మీద పెట్టి చూపించాడు.

"ఈ పసుపు పూత ఉంది చూడు, దీంట్లో ఇట్రియం, సీరియం ఉంటాయి. దీని కింద ఆవగింజ కన్నా చిన్న నీలం ముక్క, అది గాలియం. దానికి వెంట్రుకలో సగం ఉండే బంగారు తీగ. ఇవి మనదగ్గర తవ్వుకుందామంటే దొరకవమ్మా. అందుకే ఈ తిప్పలు. పసుపు మీద చెయ్యి వెయ్యొద్దు, ఎట్లున్నది అట్లే పంపండి. మీ మేడమ్‌కు చెప్పడం మరిచిపోయాను. నువ్వు చదువుకున్నట్టున్నావ్, చెప్పు."

చెప్తాను సార్ అన్నాను. నిజంగానే చెప్దామనుకున్నాను. ఆ సాయంత్రం మాత్రం ఆమె ముఖం చూడబుద్ధి కాలేదు. రేపు చెప్దాంలే అనుకున్నాను.

మర్నాడు పొద్దున వచ్చేసరికి ఆమె పీట వేసుకుని కూర్చుని ఉంది. ఒడిలో గుప్పెడు చదరాలు, చేతిలో బ్లేడు, ముందు థిన్నర్ గిన్నె. మాడిన బల్బుల చదరాలకు పసుపు మధ్యలో నల్లటి చుక్క ఉంటుంది, కాలిన గుర్తు. దాన్ని మాకు చూపించి ముఖం చిట్లించింది.

"చీము వట్టిన పుండు తీర్గున్నది. గిట్లనే కంపెనీకి పంపుతమా? రాగి తోలు తీసి అమ్మేటోళ్లం, గీ గమ్ము తీయకపోతే నవ్వుతరు మనల. థిన్నర్ల నానవెట్టి గీకుండ్రి. తెల్లగ రావాలె."

నేను నోరు తెరిచాను. ఒట్టు, తెరిచాను. "అక్కా, ఆ సారు" అనేదాకా వచ్చాను.

ఆమె తలెత్తి నా వైపు చూసింది. "ఏంది డిగ్రీ, నోరు తెర్సినవ్? నిన్నటి అన్నం యాదికొచ్చిందా?"

షెడ్డంతా నవ్వింది. నా అన్నం నేలపాలైనప్పుడు మాట్లాడని పది నోళ్ళూ ఇప్పుడు నవ్వాయి. నేను నోరు మూసుకున్నాను. ఆ మూడు నెలలూ మళ్ళీ తెరవలేదు.

రేపు చెప్దాం అనుకుంటూ ఒక వారం పోయింది. వారం పోయాక చెప్పడం ఇంకా కష్టమైంది. ఇన్ని రోజులు ఏం చేసినవ్ అంటే ఏం చెప్పను? మీకు అబద్ధం చెప్పను, భయం ఒక్కటే కాదు. ఆమె వంగి కూర్చుని ఒక్కొక్క చదరాన్నీ గీకుతుంటే నాకు తీపిగా ఉండేది. మా మీద నమ్మకం లేక సగం పని తనే చేసేది. ముక్కు మీద కళ్ళద్దాలు జారేవి, కళ్ళు నీళ్ళు కారేవి. థిన్నర్‌కు వేళ్ళ చర్మం పొలుసులుగా లేచింది, ముద్ద కలుపుకుంటే మండుతోందని చెంచాతో తినేది. గీకు గీకు, అనుకునేదాన్ని లోపల. కెలికిన చేతులే కదా అవి.

రోజూ సాయంత్రం గీకిన పసుపంతా తట్టలో అడుగున మడ్డిలా నిలిచేది. "డిగ్రీ, పారబొయ్యి" అనేది. ఆ తట్ట మోసుకెళ్ళి కాలువలో పోసింది నేనే. అది ఏమిటో తెలిసింది ఆ షెడ్డులో నాకొక్కదానికే. కాలువ అడుగు పసుపు తేలింది. వానలు పడితే అదంతా పెద్దచెరువులోకే పోతుంది. ఒక పాత డబ్బాలో పోసి దాచి ఉన్నా సరిపోయేది, సగం పాపం తగ్గేది. ఆ ఆలోచన రాలేదని అనను, వచ్చింది.

నెల దాటాక రాగి చుట్ట దొరికింది, ఆమె కూర్చునే గోనె కిందే. ఎప్పుడో తనే పెట్టి మరిచిపోయింది. దాన్ని తీసి తట్టలో పడేసి, "దొరికింది తీ" అంది, ఎవరి వైపూ చూడకుండా. అయిపోయింది. నా పప్పన్నానికి అదే నివాళి.

ఒక్కసారి మాత్రం చెప్పేసేదాకా వచ్చాను. నేను గీకిన గుప్పెడు అరచేతిలో పోసుకుని చాలాసేపు చూసి, "నీ చెయ్యి నిమ్మళమే. కంపెనీల నిన్ను నా పక్కన కూసోవెట్టుకుంట" అంది. ఆ మనిషి నోట ఒకరిని మెచ్చుకోవడం అంతకుముందు వినలేదు, తర్వాత వినలేదు. ఆరోజు తట్ట పట్టుకుని కాలువ దగ్గర నిలబడిపోయాను. ఇంకా ఒక బకెట్టు నిండాల్సి ఉంది, ఇప్పుడు చెప్పినా సగం మిగులుతుంది అనుకున్నాను. అనుకుని, తట్ట వంచేశాను.

సార్ వచ్చే రోజున ఆమె కొత్త చీర కట్టింది. అయస్కాంతాన్ని కూడా తుడిచింది. రెండు బకెట్ల మీద తెల్లగుడ్డ కప్పి, ఆయన రాగానే తీసి చూపించింది. "సూడుండ్రి సార్, ఒక్కటొక్కటి గీకి కడిగిన. పాల తీర్గున్నయి."

ఆయన గుప్పెడు తీసుకున్నాడు. భూతద్దం పెట్టి చూశాడు. ఇంకో గుప్పెడు అడుగు నుంచి తీశాడు. "పసుపేదమ్మా?" అన్నాడు.

"తీసేసినం సార్. మురికి."

"మాకు కావాల్సిందే అదమ్మా. దాంతోపాటు కింది చిప్పు, తీగ, అన్నీ గీకేశారు. ఇవి ఉత్త ప్లాస్టిక్ డబ్బాలు. వీటితో నేనేం చేసుకోను?" అన్నాడాయన. కోపం లేదు, నీరసం ఉంది. "గీకింది ఎక్కడుంది? అదన్నా ఇవ్వండి."

"కాలువల వోసినం సార్" అంది యాదమ్మ.

ఆయన నా వైపు తిరిగాడు. "గీకొద్దని చెప్పి పోయాను కదా. మేడమ్‌కు చెప్పలేదా నువ్వు?"

అప్పుడు ఆమె నా వైపు చూసింది. ముఖం వైపు కాదు, చేతుల వైపు. నా గోళ్ళ సందుల్లో పసుపు. పదకొండు మంది బతుకు పోయింది, ఎందుకు పోయిందో ఇంకో నిమిషంలో అందరికీ తెలుస్తుంది. ఆ స్క్రూడ్రైవర్లతోనే నన్ను పొడుస్తారు అనుకున్నాను. పొడిచినా తప్పులేదు.

"చెప్పింది సార్" అంది ఆమె. "పిల్ల చెప్పింది. నేనే ఇన్లే."

సార్ తల అడ్డంగా ఆడించి వెళ్ళిపోయాడు. ఇక షెడ్డులో చూడాలి. నత్త గుండెలు బాదుకుంది. యాదమ్మ, "నీ మొండితనం మీద మన్నువొయ్య! చదువుకున్న పిల్ల చెప్తే గూడ ఇనకపోతివి గదనే!" అని ముఖం మీదే అంది. ఎవరో బకెట్టును తన్నారు, ఆ తెల్ల చదరాలన్నీ నేలంతా పరుచుకున్నాయి. ఆమె గోడకు ఆనుకుని నిలబడి అన్నీ విన్నది. ఒక్కొక్కరే సంచులు తీసుకుని పోయారు.

నేను చివర మిగిలాను. ఆమె దగ్గరికి వచ్చింది. కొంగు ముడిలోని అయస్కాంతాన్ని ఎత్తి, తట్టలో ముంచినట్టే, నా గుండె మీద ఆనించి పెట్టింది. చల్లగా తగిలింది. కాసేపు పట్టుకుని తీసేసింది.

"ఇనుమైతే దొరికేదానివి" అంది.

నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆమె అప్పటికే తిరిగి, కిందపడిన చదరాలను చీపురుతో ఒక పక్కకు తోస్తోంది. "ఏడ్సుడు బంద్ వెట్టి గా తట్ట కడుగు. పసుపు అంటుకున్నది" అంది. కడిగాను. తెచ్చి చూపిస్తే వెలుగులో అటూ ఇటూ తిప్పింది.

"మల్ల చూడు."

మళ్ళీ కడిగాను. ఆమె నాతో అన్న ఆఖరి మాట అదే.

ఎందుకు అట్లా చెప్పిందని ఇన్నేళ్ళూ ఆలోచించాను. జాలా? ఆ మనిషికి జాలి అనే మాట రాదు. ఒక కూలిది తనను మోసం చేసిందని పది మందికి తెలియడం కన్నా మొండిదని తిట్టించుకోవడమే నయమనుకుని ఉంటుంది. పొగరు, అంతే. అట్లా అనుకుంటేనే నాకు నిద్ర పడుతుంది, అందుకే అట్లా అనుకుంటాను.

మార్కెట్లో యాదమ్మ ఇంకా అంటూనే ఉంది. "ఆ ఏడు ఎన్ని తిప్పలు వడ్డం! ఉప్పిడి ఉపాసం ఉన్నం. నత్త ఉన్న ఇల్లు ఇడిసి పాయె. గీమె ఒక్కదాని మొండితనానికి మనందరి నోట్ల మన్ను వడ్డది. నువ్వైతే మంచిగ చెప్పినవ్. చెప్పినవా లేదా? ఇన్నదా మరి?"

యాదమ్మ అరచేతిలో ఆ పాత మచ్చ, థిన్నర్ పోసిన చోట, తెల్లగా మెరుస్తోంది. నా ముఖంలోకే చూస్తోంది. మాగ్నెటమ్మ ఇక లేదు. నిజం చెప్పినా కాదనేవాళ్ళు లేరు, అబద్ధం చెప్పినా కాదనేవాళ్ళు లేరు.

"అవ్" అన్నాను. "మస్తు సార్లు చెప్పిన."

"గదే మరి! గసుంటిదాన్ని సాగనంపనీకి ఎందుకు పోవుడు?" అంది యాదమ్మ, నా భుజం తట్టి. "నువ్వు మంచిదానివి గన్క అప్పుడు ఆమెను ఒక్క మాట అన్లే."

పదకొండు గంటలప్పుడు నేను ఇంకా మార్కెట్లోనే ఉన్నాను, వంకాయలు తూకం వేయించుకుంటూ.